రెండు పోగులు

ఆదివారం పొద్దున్నే మా వాడలో యాట అరుపు వినబడేది. ఆ అరుపు ఆగిపోయాకే మా ఇళ్ళల్లో మసాలా నూరడం మొదలయ్యేది. అరుపు మొదలవడానికీ ఆగడానికీ మధ్య ఎంతసేపు పట్టేదో నాకు బాగా తెలుసు. ఆ మధ్యలోనే నేను అల్లం పొట్టు తీయడం అయిపోవాలి.

మాది లక్సెట్టిపేట దగ్గర, గోదారి ఒడ్డు ఊరు. వాడలో పదకొండు ఇళ్ళు కలిసి వారానికొక యాటను కొనేవి. యాట అంటే మా దిక్కు కోతకు తెచ్చిన పొట్టేలు. నీళ్ళ ట్యాంకు కింద ఒక బండ ఉంది. దాని మీద పడుకోబెట్టి ఇద్దరు కాళ్ళు పట్టుకుంటే, వాడంతా కాక అని పిలిచే ముసలాయన కత్తి పెట్టేవాడు. నెత్తురు గిన్నెలోకి బుసబుసా వచ్చేది. వెనక కాళ్ళు ఇంకా తన్నుకుంటుండగానే కాక పక్కకు తిరిగి బీడీ ముట్టించేవాడు. తర్వాత చర్మం ఒలిచి, కొమ్మకు తలకిందులుగా కట్టి, పొట్ట చీల్చేవాడు. ఒక పక్కన మూడు రాళ్ళు పెట్టి, మంట వేసి, తలా కాళ్ళూ కాల్చేవారు. వెంట్రుకలు కాలిన ఆ వాసన మధ్యాహ్నం దాకా వాడను వదిలేది కాదు.

మాంసమంతా కొట్టాక మోదుగాకులు పరిచి పోగులు వేసేవారు. పన్నెండు పోగులు. ప్రతి పోగులో అన్నీ ఉండాలి. ఇంత కాలిజ, అదే కార్జం, ఇంత కొవ్వు, ఇన్ని బొక్కలు, ఇంత మెత్తది, ఇంత బోటి. ఎంత సమానంగా వేసినా కళ్ళకు ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా కనబడుతుంది కదా. అందుకని ఒక మనిషిని పోగులకు వీపు చేసి నిలబెడతారు. ఇంకొకరు ఒక పోగు మీద వేలు పెట్టి "ఇది ఎవరిది" అని అడుగుతారు. అటు తిరిగిన మనిషి చూడకుండా ఒక ఇంటి పేరు చెప్పాలి. చెప్పిన ఇంటికి ఆ పోగు. ఆ తర్వాత ఎవరూ నోరు తెరవడానికి లేదు.

మా వాడలో ఆ చెప్పే పని నా బిడ్డది. పదకొండేళ్ళప్పటి నుంచీ తనే చెప్పేది. ట్యాంకు గోడ వైపు తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని, "మిల్లు మామోళ్ళది", "చింతచెట్టోళ్ళది" అని ఒక్కొక్క ఇల్లు అనుకుంటూ పోయేది. మా ఇంటిని మాత్రం రెండుసార్లు అనాలి. పదకొండు ఇళ్ళలో రెండు పోగులు తీసుకునే ఇల్లు మాదొక్కటే. మా ఇంటిని అందరూ దుబాయోళ్ళిల్లు అనేవారు.

మా ఆయన తొమ్మిదేళ్ళు దుబాయిలో షట్టరింగు పని చేశాడు. ఆ తొమ్మిదేళ్ళూ మేము బాగానే తిన్నాము. ఉన్నప్పుడు ఉన్నదని చెప్పాలి. ఒక ఏడు అక్కడ కంపెనీ పనులు ఆపేసింది. సగం లేచిన బిల్డింగులను అలాగే వదిలేసి మనుషులను వాపస్ పంపారు. మా ఆయన ఒక పెట్టె, ఒక దుప్పటి, రెండు సబ్బులతో దిగాడు. ఆ రెండు సబ్బుల వాసనకే నా బిడ్డ బాపు వచ్చిండని వాడంతా తిరిగి చెప్పింది.

ఒక్క మా ఇంటికే ఆ కష్టం వచ్చి ఉంటే ఎట్లాగో గడిచేది. ఆ ఏడు ఎటు చూసినా అదే. ఊరి బయట రైసు మిల్లు వారంలో మూడు రోజులే నడిచింది. బోరింగుకు ఎదురింట్లో ఉండే, నేను అన్నా అని పిలిచే మనిషి ఆ మిల్లులో హమాలీ. వరసకు మా ఆయనకు బావ. ఆయన బస్తాలు మోసే భుజాలు ఊరికే అరుగు మీద కూర్చుని బరువెక్కాయి. నేను బీడీలు చేస్తాను. కార్ఖానా వాళ్ళు నెలలో పది రోజులకు మించి ఆకు ఇవ్వడం మానేశారు. అడిగితే, "తాగేటోళ్ళే లేరమ్మా, ఎవలకు జేస్తవ్" అని నవ్వారు.

ఖర్చు తగ్గించడం నాకు రాని పని కాదు. ముందు నూనె. డబ్బా పోయి ప్యాకెటు వచ్చింది. ప్యాకెటు పోయి, దుకాణంలో చిన్న సీసాకు పోయించుకోవడం వచ్చింది. తర్వాత పాలు. నల్ల చాయ తాగితే పొట్టకు మంచిదని నేనే ఇంట్లో చెప్పాను. సబ్బును దారంతో రెండు ముక్కలు కోశాను. గ్యాసు మీద పప్పు ఒక్కటే, నీళ్ళు కాగడానికి పెరట్లో కట్టెలు. రేషను బియ్యం మునుపు కోళ్ళకు వేసేదాన్ని, అవే వండడం మొదలుపెట్టాను. ఒక చిన్న డబ్బాలో సన్నబియ్యం దాచి ఉంచాను. చుట్టాలు వస్తే వాళ్ళ వరకు ఆ బియ్యం వండి, మేము లోపల దొడ్డన్నం తినేవాళ్ళం.

ఇప్పుడు కూర్చుని తలుచుకుంటే తెలుస్తోంది. నేను తగ్గించినవన్నీ లోపలివి, ఎవరి కంటికీ కనబడనివి. బయట కనబడేది ఒక్కటి కూడా తగ్గలేదు. బండి కడిగి వాకిట్లో నిలబెట్టే ఉండేది. పెట్రోలు లేకపోయినా కడగడం మానలేదు. రెండు పోగులు రెండు పోగులే.

మా ఆయన చెయ్యి లేవడం ఆ చలికాలంలో మొదలైంది. మునుపు ఆయన మంచివాడని చెప్పను, చెడ్డవాడనీ చెప్పను. రెండేళ్ళకొకసారి రెండు నెలలు వచ్చే మనిషి ఎట్లాంటివాడో ఎవరికి తెలుస్తుంది. ఒకరోజు చింతపండు పులుసులో పోపు లేదని కంచం విసిరాడు. కంచం నా కనుబొమ్మకు తగిలి, గోడకు తగిలి, గిరగిరా తిరిగి పడింది. నెత్తురు కంట్లోకి కారుతుంటే నేను మొదట చూసింది పులుసు ఎంత ఒలికిందని. అది కూడా చెప్పాలి.

ఇంకోరోజు నా బిడ్డ తలకు రెండు షాంపూ ప్యాకెట్లు వాడింది. నేను తడి జుట్టు పట్టుకుని వీపు మీద నాలుగు గుద్దాను. అది ఏడవలేదు. "ఒకటి సగమే ఉండె అవ్వా" అన్నది. అంత చిన్న మాటకు నా చెయ్యి ఇంకా లేచింది. అది పోయి వాకిట్లో పడుకున్న కుక్కను తన్నింది. ఆ కుక్క ఎవరిని కరిచిందో నాకు తెలియదు.

సంక్రాంతి దాటిన తర్వాత ఒక ఆదివారం నేను కాక దగ్గరికి పోయి, "ఈ వారం మాకు ఒక్క పోగే కాకా" అని మెల్లగా చెప్పి వచ్చాను. ఇంట్లో చెప్పలేదు. తినేది ముగ్గురం, ఒక పోగు ఎక్కువే. మిగిలిన పోగును వేరే ఎవరికైనా అమ్ముకోమన్నాను. నా బిడ్డ గోడ వైపు తిరిగి ఇళ్ళ పేర్లు చెప్తూ మా పేరు ఒకసారే అన్నది. అందరూ విన్నారు.

బావ వరస అంటే మా దిక్కు ఎగతాళికి లైసెన్సు ఉన్నట్టే. హమాలీ అన్న తన పోగు ఎత్తుకుంటూ అన్నాడు.

"ఏం బామ్మర్దీ, రెండు ఒకటాయె. దుబాయి శేఖు నిన్ను మర్చిపోయిండా?"

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. "మీ చెల్లెకు కొవ్వు పడ్తలేదట బావా" అని ఏదో అన్నాడు. పోగు ఎత్తుకున్నాడు, ఇంటికి వచ్చాడు, తలుపు గడియ పెట్టాడు.

మోదుగాకుతో సహా ఆ మాంసాన్ని నా ముఖం మీద కొట్టాడు. వెచ్చగా, జారుగా ఉంది. కింద పడ్డదాన్ని ఏరడానికి వంగాను. వంగినప్పుడు పక్కటెముకల మీద తన్నాడు. రెండోసారి తన్నాడు. అరవకుండా తన్నించుకోవడం ఒక విద్య. పక్కింటికి మసాలా నూరే చప్పుడు తప్ప ఇంకేమీ వినబడకూడదు.

"నా ఇజ్జత్ తీసినవ్. పదకొండు ఇండ్ల ముందర తీసినవ్. నువ్వు గడ్డి తిను, మట్టి తిను, నాకు ఫికర్ లేదు. పోగులు మాత్రం రెండుండాలె."

"యాడికెల్లి తేవాలె?" అన్నాను.

"యాడికెల్లి తెస్తవో నీ ఇష్టం."

ఆ మాంసం కడిగి వండాను. ముగ్గురమూ తిన్నాము. నేను కుడి వైపుకు ఒరగలేక ఎడమ వైపు ఒరిగి తిన్నాను. "కూర మంచిగైంది" అన్నాడు ఆయన. నిజంగానే మంచిగైంది.

ఇక్కడ నా బిడ్డ మందుల సంగతి చెప్పాలి. అది తొమ్మిదేళ్ళప్పుడు బడిలో పడిపోయింది. నోట్లో నురగ, పళ్ళు గిట్టకరుచుకుని, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం. ఫిట్సు అన్నారు. రెండేళ్ళు పదే పదే వచ్చాయి. ఒకసారి నాలుక కొరుక్కుంది, ఒకసారి బావి గట్టు మీద తల పగలగొట్టుకుంది. కరీంనగర్‌లో పెద్ద డాక్టరు దగ్గర చూపించాము. పొద్దున ఒక గోలి, సాయంత్రం ఒక గోలి. ఒక్క పూట కూడా తప్పొద్దు, ఫిట్సు రాకపోయినా ఆపొద్దు అని డాక్టరు నాతో మూడుసార్లు అనిపించాడు. పదకొండో ఏట ఆగిపోయాయి. ఆ చలికాలానికి దానికి పద్నాలుగు. మూడేళ్ళలో ఒక్కసారి రాలేదు. ఇంకో రెండేళ్ళు గడిస్తే గోలీలు ఆపేయవచ్చని డాక్టరు చెప్పాడు. ఆ రెండేళ్ళూ దాటించడమే నా బతుకులో నేను పెట్టుకున్న ఒకే పని.

ఆ గోలీలు లోపలి ఖర్చు. ఎవరి కంటికీ కనబడవు. రాని జబ్బుకు మందు. నాకు ఆ మాట ఎట్లా తట్టిందో తెలియదు గానీ, ఒకసారి తట్టాక మళ్ళీ పోలేదు.

బీడీ ఆకు కోసే కత్తెర నా చేతికి వేలులాంటిది. దానితో గోలిని నడిమికి కోశాను. టప్‌మని రెండు ముక్కలైంది. పొడి కొంచెం రాలితే వేలితో అద్ది, సగం ముక్కకు అంటించాను. పొద్దున సగం, సాయంత్రం సగం.

నా బిడ్డ అరచేతిలో ముక్కను చూసి, "సగమే ఉన్నదేందే అవ్వా?" అన్నది.

"డాక్టరు తగ్గించుమన్నడు. నీకు నయమైంది కదనే."

దాని ముఖం వెలిగిపోయింది. బడిలో స్నేహితురాళ్ళకు కూడా చెప్పుకుందట, నాకు సగానికి వచ్చింది, ఇంకొన్ని రోజులైతే ఉండయి అని. ఆ వారం మళ్ళీ రెండు పోగులు చెప్పాను. కాక నా వంక చూసి, "ఏమమ్మా, పైసలొచ్చినయా దుబాయికెల్లి?" అన్నాడు. వచ్చాయన్నాను.

ఎండలు ముదిరేదాకా ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే నాకు ధైర్యమిచ్చింది. ఒక్క రెండుసార్లు అది చేతిలో గ్లాసు జారవిడిచింది. ఒకసారి అన్నం ముందు కూర్చుని పిలిస్తే పలకలేదు, ఎటో చూస్తూ గౌను అంచును వేళ్ళతో గిల్లుతూ ఉంది. పరీక్షల పరేషాన్ అనుకున్నాను. గ్లాసు పగలగొట్టినందుకు చెంప మీద ఒకటి ఇచ్చాను కూడా.

ఆ ఆదివారం ఎండ పొద్దున్నే చురుక్కుమంటోంది. పొట్టేలు మొండిది. మొదటి కత్తికి పడకుండా లేచి, సగం తెగిన మెడతో నాలుగు అడుగులు పరుగెత్తి, ట్యాంకు గోడకు కొట్టుకుని పడింది. గోడంతా నెత్తురు. కాక తిట్టుకుంటూ మళ్ళీ కోశాడు. మగవాళ్ళు పొద్దున్నే కల్లు తాగి ఉన్నారు, మిల్లు ఆ వారం అసలే తెరవలేదు. పోగులు వేసేసరికి అందరి మాటలూ గట్టిగా ఉన్నాయి.

నా బిడ్డ నెత్తురు తడి ఆరని గోడ వైపు తిరిగి నిలబడింది. హమాలీ అన్న పోగుల మీద వేలు పెడుతున్నాడు. నేను గిన్నె పట్టుకుని ఆడవాళ్ళ మధ్య నిలబడ్డాను. అయిదు పోగులు చెప్పింది. ఆరు. మా పేరు ఒకసారి అన్నది. ఏడు.

"ఇదెవలది కోడలా?"

పలకలేదు.

"ఓ కోడలా, ఇదెవలదే?"

నేను దాని చేతులు చూశాను. వెనక్కి కట్టుకున్న చేతుల్లో ఒకటి గౌను అంచు పట్టుకుని గిల్లుతోంది. గిల్లుతోంది, గిల్లుతోంది. మూడేళ్ళ కింద ప్రతిసారీ పడిపోయే ముందు ఆ చెయ్యి అట్లాగే గిల్లేది. నాకు తెలిసింది. అక్కడ ఉన్న ఇంత మందిలో నాకు ఒక్కదానికే తెలిసింది.

నేను కదలలేదు. ఎంతసేపంటే చెప్పలేను, ఒక ఊపిరి, రెండు ఊపిర్లు. పరుగెత్తి పట్టుకుంటే ఎందుకొచ్చింది అని అడుగుతారు. అడిగితే చెప్పాలి. ఆ రెండు ఊపిర్లూ నేను ఆ భయానికే నిలబడిపోయాను.

అంతలో హమాలీ అన్న నవ్వాడు. "చెప్పదు రా ఇది. కాలిజ ఎక్కువున్నది సూసుకొని మల్లొకసారి దుబాయోళ్ళు అంటదిగ. బాపు నేర్పి పంపిండు."

"ఏమన్నవ్ బావా?" అన్నాడు మా ఆయన.

"ఉన్న మాటే అన్న. ఏ దుబాయి రా నీది? వచ్చి ఏడాది కావస్తుంది. నాలెక్క అరుగు మీద కూసొని పెండ్లాం బీడీల మీద తింటున్నవ్. రెండు పోగులు. ఎవలికి సూపెడతవ్?"

అది ఎగతాళి కాదని అందరికీ తెలిసింది. మా ఆయన బావ మీద పడ్డాడు. ఇద్దరూ పోగుల మీద దొర్లారు. మోదుగాకులు చిరిగాయి, మట్టిలో మాంసం, మాంసంలో మనుషులు. హమాలీ మనిషి బలం వేరు. మా ఆయనను కిందేసి గొంతు మీద మోకాలు పెట్టాడు. మా ఆయన చెయ్యి అటూ ఇటూ తడిమి, కొట్టే మొద్దు మీద ఉన్న కత్తికి తగిలింది. ఆ కత్తి గాలిలో లేవడం చూశాను. హమాలీ అన్న ముంజేతిని అడ్డం పెట్టాడు. బొక్క కొట్టినప్పుడు వచ్చే చప్పుడే వచ్చింది. కాక ప్రతి ఆదివారం కొట్టే చప్పుడు.

సరిగ్గా అప్పుడు నా బిడ్డ పడింది. నిట్టనిలువుగా వెనక్కి పోయి, తల కాల్చే మంట పక్కకు పడింది. పడి కొట్టుకోవడం మొదలుపెట్టింది. కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఎడమ చెయ్యి మంటలోకి పోయింది. మగవాళ్ళంతా కత్తి వైపు చూస్తున్నారు. అందరికంటే ముందు దాన్ని చూసింది హమాలీ అన్న పెండ్లాం, నేను వదినె అని పిలిచే మనిషి. తన మొగుడి చెయ్యి నుంచి నెత్తురు కారుతుంటే, దాన్ని వదిలి నా బిడ్డ కాళ్ళు పట్టి గుంజింది. అప్పుడు నా కాళ్ళు కదిలాయి.

వాడలో ఉన్నది ఒక్క ఆటో. కోసినవాడు, కోయించుకున్నవాడు, కాలినది, నేను, వదినె, అందరమూ అందులోనే ఎక్కాము. మా ఆయన ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాడు. ఆయన లుంగీకి యాట నెత్తురూ బావ నెత్తురూ కలిసిపోయాయి. హమాలీ అన్న చేతికి వదినె కొంగు చింపి కట్టింది. నా ఒళ్ళో నా బిడ్డ గురక పెడుతోంది.

"బామ్మర్దీ" అన్నాడు హమాలీ అన్న వెనక నుంచి.

మా ఆయన తిరిగి చూడలేదు.

"ఒక బీడీ ఉంటే ముట్టించియ్. నాకు ఒక చెయ్యే ఉన్నది."

వదినె ఆయన తల మీద ఒకటి కొట్టింది. "సావురా నువ్వు. పిల్లను సూసినవా? నోరు మూసుకొని ఉంటే నీ పోగు ఎవడన్న గుంజుకపోతుండెనా?"

మా ఆయన బీడీ ముట్టించి వెనక్కి ఇచ్చాడు. నిప్పు రాలి నా చీర మీద పడింది.

దవాఖానలో ఉన్నది ఒక ఆడ డాక్టరు, చిన్న వయసు. హమాలీ అన్న చెయ్యి చూసి ఎట్లా తెగిందని అడిగింది. "యాటను కోస్తుంటే కత్తి జారిందమ్మా" అన్నాడు ఆయన. డాక్టరమ్మ మా ఆయన లుంగీ చూసింది, గొంతు మీద కమిలిన మచ్చ చూసింది. "యాట బాగానే ఎదురు తిరిగినట్టుంది" అన్నది. కుట్లు వేసి, బొక్కకు ఫోటో తీయించమని మంచిర్యాలకు చీటీ రాసింది.

తర్వాత నా బిడ్డ దగ్గరికి వచ్చింది. మోచేతి దాకా తోలు బొబ్బలెక్కి, ఊడి వస్తోంది. మందు రాస్తూ నన్ను అడిగింది. మునుపు వచ్చేవా, మందులు వాడుతున్నారా.

"వాడుతున్నమమ్మా."

"తప్పకుండా?"

"ఒక్క పూట తప్పలే."

నేను అబద్ధం చెప్పలేదు. ఒక్క పూట కూడా తప్పలేదు. ఆ మాటను అట్లా పట్టుకుని నిలబడ్డాను. నా బిడ్డ కళ్ళు తెరిచి ఉంది. డాక్టరమ్మ దాని వైపు వంగి, "రోజుకు ఎన్ని గోలీలు వేసుకుంటావమ్మా" అని మెల్లగా అడిగింది.

ఫిట్సులో మళ్ళీ నాలుక కొరుక్కున్నది, మాట ముద్దగా వచ్చింది. "పొద్దుగాల సగం, మాపటికి సగం. డాక్టరు తగ్గించుమన్నడు." నా వంక చూసింది. "కద అవ్వా?"

"ఏ డాక్టరు?" అన్నది డాక్టరమ్మ.

నేను నేల చూశాను. ఆ నేల మీద ఎన్ని పలకలున్నాయో ఇప్పటికీ చెప్పగలను.

మా ఆయనకు అర్థమైంది. అక్కడే, మంచం పక్కనే, డాక్టరమ్మ ముందర, చెంప మీద కొట్టాడు. చెవిలో హోరు పుట్టింది. నర్సు అరిచింది, బయట నుంచి ఎవరో వచ్చి ఆయనను పట్టుకున్నారు.

"సొంత బిడ్డకు మందు కోసి పెడ్తవే నువ్వు? మనిషివేనా?"

దెబ్బ నాకు పడవలసిందే అనుకున్నాను. ఆ అనుకోవడం ఒక్క నిమిషమే ఉంది. ఆ నిమిషం దాటాక, నేను పెళ్ళైనప్పటి నుంచీ ఆయన ముందు ఎన్నడూ ఎత్తని గొంతు ఎత్తాను.

"ఆ గోలీలు నువ్వే తిన్నవు. ప్రతి ఆయితారం తిన్నవు. రెండో పోగుల ఉన్నయి అవి. బొక్కలు గూడ వదలకుండ నమిలినవు."

ఆయన చెయ్యి మళ్ళీ లేచింది. సగంలో ఆగింది. పట్టుకున్నవాళ్ళు ఆపారో, ఆయనే ఆపుకున్నాడో నాకు తెలియదు. ఆ గదిలో అందరూ మమ్మల్ని చూస్తున్నారు. ఒక్క నా బిడ్డ మాత్రం నన్నే చూస్తోంది. అరుపులకు అది బెదరలేదు. ఇంట్లో వాటికి అలవాటు పడింది. నా ముఖంలో ఏదో వెతుకుతున్నట్టు చూసింది, దొరకనట్టు కళ్ళు మూసుకుంది.

గొడవ సద్దుమణిగాక డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. ఈ జబ్బుకు గోలీలు ఇక్కడ పైసా లేకుండా ఉట్టిగానే ఇస్తాము, నెలకొకసారి వచ్చి లైనులో నిలబడి తీసుకోవాలి అన్నది. కంపెనీ వేరు గానీ మందు అదే. ఎప్పుడూ అడగలేదా అన్నది. ఆ దవాఖాన మీదుగా నేను వారానికి రెండుసార్లు బీడీ గంప నెత్తిన పెట్టుకుని పోయేదాన్ని. దుబాయోళ్ళ ఇంటి ఆడది సర్కారు లైనులో నిలబడితే ఎవరైనా చూస్తారని లోపలికి అడుగు పెట్టలేదు.

తర్వాతి ఆదివారం పొద్దున కాక మా వాకిట్లోకి వచ్చాడు. బయట నిలబడే అడిగాడు, ఎన్ని పోగులని. మా ఆయన గడప మీద కూర్చుని ఉన్నాడు.

"మాకు ఒద్దు కాకా. గీ వారమే గాదు, మల్ల చెప్పేదాక ఒద్దు."

కాక తల ఊపాడు. వెళ్ళిపోతాడనుకున్నాను, నిలబడ్డాడు. "చింతచెట్టోళ్ళు ఒద్దన్నరు. బోరింగు కాడ ఒద్దన్నరు. ఆ కుట్టుమిషినామె గూడ ఒద్దన్నది. ఎవరన్న ఒకరు ముందుగాల అంటరేమోనని సూస్తున్నరట అందరు, రెండు నెలల నుంచి." బీడీ అడిగి ముట్టించుకున్నాడు. "కోడితోని పోనిద్దాం తియ్. నాకు గూడ చేతులు నొస్తున్నయ్."

ఆ రెండు నెలలు ఎవరి ఇంట్లో ఏం కోశారో, ఎవరి వంటింట్లో ఏం సగమైందో నాకు తెలియదు. ఒకరినొకరం అడగలేదు.

హమాలీ అన్న చెయ్యి అతుక్కున్నది గానీ బస్తా ఎత్తే పట్టు రాలేదు. మిల్లు తెరిచాక ఆయన లెక్క రాసే దగ్గర కూర్చున్నాడు. ఆయన జాగాలో బస్తాలు మా ఆయన మోస్తున్నాడు. వాళ్ళిద్దరూ ఆ సంగతి ఎప్పుడు మాట్లాడుకున్నారో నేను వినలేదు. నెలకొకసారి దవాఖాన లైనులో నిలబడేది కూడా మా ఆయనే. పోయి వచ్చి గోలీల అట్టలు అరుగు మీద పెడతాడు. చెయ్యి మళ్ళీ లేవలేదని రాస్తే అబద్ధం అవుతుంది. రెండుసార్లు లేచింది. రెండోసారి నేను వంగలేదు. బీడీ కత్తెర పట్టుకుని ఆయన కళ్ళలోకి చూస్తూ నిలబడ్డాను. ఆ తర్వాత లేవలేదు.

నా బిడ్డకు ఆ ఏడు ఇంకో రెండుసార్లు ఫిట్సు వచ్చాయి. కరీంనగర్ డాక్టరు దగ్గరికి పోతే, పాత మూడేళ్ళు లెక్కలోకి రావని, చివరిసారి వచ్చిన రోజు నుంచి మళ్ళీ అయిదేళ్ళు చూడాలని చెప్పాడు. మోచేతి కింద తోలు ముడతలు పడి మెరుస్తుంది. బడికి ఎండాకాలంలో కూడా నిండు చేతుల జాకెట్టు వేసుకుని పోతుంది.

నన్ను అది ఏమీ అనలేదు. నాతో బాగానే ఉంటుంది. నా పక్కనే కూర్చుని ఆకు కోసి పెడుతుంది, బడిలో జరిగినవి చెప్తుంది, నవ్విస్తుంది కూడా. గోలీలు మాత్రం వాళ్ళ బాపు అరుగు మీద పెట్టగానే తీసుకుపోయి తన పుస్తకాల సంచిలో పెట్టుకుంటుంది. మొదట్లో ఒకసారి నేను ఒకటి విప్పి అరచేతిలో పెట్టి ఇవ్వబోయాను.

"అక్కడ పెట్టవ్వా, నేను తీసుకుంట" అన్నది. గట్టిగా కూడా అనలేదు.

ఇప్పుడు పొద్దున్నా సాయంత్రమూ అది సంచి తెరిచి గోలి తీస్తుంది. వెలుతురు ఉన్న వైపు తిరిగి అటూ ఇటూ తిప్పి చూస్తుంది, అంచులన్నీ ఉన్నాయా అని. నేను నీళ్ళ చెంబు పట్టుకుని పక్కనే నిలబడతాను. చూడటం అయ్యాక గోలి నోట్లో వేసుకుని, చెంబు కోసం చెయ్యి చాపుతుంది.